ఆకలినాళ్ళ రాకుమారుడు

క్రిస్మస్ సమీపించగానే అమెరికాలోని అనేక నగరాల్లో ఒకే నృత్యనాటకం తెర లేస్తుంది. దాని పేరు 'నట్‌క్రాకర్'. అక్రోటుకాయలు పగులగొట్టే కొయ్యబొమ్మ ఒకటి ఒక బాలికకు పండుగ కానుకగా లభిస్తుంది. అర్ధరాత్రి ఎలుకల రాజుతో పోరాడి గెలిచిన ఆ బొమ్మ రాకుమారుడుగా మారి, ఆమెను మంచు కురిసే అడవి మీదుగా మిఠాయిల రాజ్యానికి తోడ్కొనిపోతాడు. చూచేవారికి ఇది తియ్యని కల. ఈ కలను అమెరికా పండుగగా మలచిన నర్తకుడు మాత్రం దానిని ఆకలినాళ్ళలో ఆడినవాడు.

'నట్‌క్రాకర్' 1892 డిసెంబరులో నాటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారిన్‌స్కీ నాట్యశాలలో తొలిసారి ప్రదర్శితమైంది. సంగీతం చైకోవ్‌స్కీది, నృత్యరచన లెవ్ ఇవానోవ్‌ది. విమర్శకులు పెదవి విరిచారు. పిల్లలకు మరీ ఎక్కువ చోటిచ్చారన్నది వారి ఆక్షేపణలలో ఒకటి. మరుసటి సంవత్సరమే చైకోవ్‌స్కీ కన్నుమూశాడు.

జార్జి బాలన్‌షీన్ ఆ నగరంలోనే 1904లో జన్మించాడు. 1913లో అక్కను నాట్య పాఠశాల ప్రవేశపరీక్షకు తీసుకొని వెళుతూ తల్లి అతడినీ వెంటబెట్టుకొని వెళ్ళింది. అక్కకు చోటు దొరకలేదు, తమ్ముడికి దొరికింది. ఇంటిమీద బెంగతో పారిపోయిన ఆ బాలుణ్ణి పెద్దలు తిరిగి పాఠశాలకు చేర్చారు. 1917 విప్లవం తరువాత పాఠశాల కొంతకాలం మూతబడింది. తల్లిదండ్రులు జార్జియాకు తరలిపోగా, అతడు చదువుకోసం వెనుక మిగిలాడు. తిండికి కరవు, చలికి కట్టెలు కరవు. పొట్టకూటికై మూకీ చిత్రాల హాలులో పియానో వాయించాడు. ఆ రోజులలోనే, పదిహేనేళ్ళ ప్రాయంలో, అతడు 'నట్‌క్రాకర్'లో రాకుమారుని పాత్ర ధరించాడు. కడుపు కాలుతున్న కుర్రవాడు మిఠాయిల రాజ్యానికి అతిథి అయ్యాడు!

1924లో రష్యా విడిచిన బాలన్‌షీన్ 1933లో అమెరికా చేరాడు. 1954 ఫిబ్రవరి 2న న్యూయార్క్ సిటీ బాలే సంస్థ ఆయన కూర్చిన 'నట్‌క్రాకర్'ను ప్రదర్శించింది. మారియా టాల్‌చీఫ్ మిఠాయిల రాణిగా నర్తించింది. కొత్త రచనయే అయినా, తన దేహం గుర్తుంచుకొన్న కొన్ని ఘట్టాలను ఆయన మార్చలేదు. ఎలుకలతో జరిగిన యుద్ధాన్ని రాకుమారుడు మాటలు లేకుండా చేతులతో అభినయించే ఘట్టం ఇవానోవ్ నాటిదే. వలయంలో నుంచి దూకుతూ చేసే నృత్యాన్ని తాను యౌవనంలో ఆడినట్లే శిష్యులకు నేర్పాడు. గురువు దేహం నుంచి శిష్యుని దేహానికి విద్య సాగివచ్చే తీరు కూచిపూడిని ఎరిగిన మనకు కొత్త కాదు.

మరొక జ్ఞాపకం క్రిస్మస్ చెట్టు. ఆయన చిన్ననాటి చెట్టుకు చాక్లెట్లు, నారింజలు, ఆపిళ్ళు వ్రేలాడేవి. చేయి చాచి కోసుకొని తినడమే! అందుకే రంగస్థలంమీద పెరిగే చెట్టుకు ఖర్చు ఎక్కువని నిర్వాహకులు వెనుకాడినపుడు, చెట్టు లేకుంటే నాటకమే లేదని ఆయన పట్టుబట్టాడు. ఇప్పుడు లింకన్ సెంటర్ వేదికపై ఆ చెట్టు ప్రేక్షకుల కళ్ళెదుటే 41 అడుగుల ఎత్తుకు పెరుగుతుంది.

బాలన్‌షీన్ 1983లో మరణించాడు. నాడు విమర్శకులు ఆక్షేపించిన పిల్లలే నేడు ఈ నాటకానికి ప్రాణం. ఆయన స్థాపించిన పాఠశాల నుంచి అరవై మందికి పైగా బాలబాలికలు ఒక్కొక్క ప్రదర్శనలో పాల్గొంటారు. వారిలో ఒక బాలుడు రాకుమారుడై, ఆకలినాళ్ళలో మరొక బాలుడు చేసిన అభినయాన్నే చేస్తాడు. ఆ ఆకలి అతనికి తెలియదు. తెలియనక్కరలేని బాల్యాన్ని పిల్లలకు ఇవ్వడంకన్న ఒక నర్తకుడు పండుగకు ఇవ్వగల కానుక ఏముంటుంది?