మెలిక విడిన వేళ

గాజు పలక మీద, ఉప్పు కలిసిన తేటనీటిలో, ఒక డీఎన్ఏ పోగు అలలు అలలుగా ఊగుతోంది. మందం 2 నానోమీటర్లే. పొడవేమో 16 మైక్రోమీటర్లు దాటుతుంది. ఈ-కోలై బ్యాక్టీరియా మీద బతికే లాంబ్డా వైరస్ జన్మలిపి అంతా, 48,502 అక్షరాల జంటలుగా, ఆ సుకుమారమైన మెలికలో ఒదిగి ఉంది. చుట్టూ నీటి అణువులు ఎడతెరిపి లేకుండా తాకుతున్నా, వంపు వెంట వంపు తిరిగిన ఆ రెండు తీగలు ఒకదాన్నొకటి వదలవు.

1997లో పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో ఎస్సెవాజ్-రూలే, బోకెల్‌మన్, హెస్లో అనే శాస్త్రవేత్తలు ఆ కౌగిలిని విడదీసి చూశారు. ఒక తీగ కొస పలకకు, దాని పక్కనే ఉన్న రెండో తీగ కొస చిట్టి పూసకు, ఆ పూస సన్నని గాజుసూదికి. ఇక మెల్లగా, ఎంతో మెల్లగా లాగడమే. సూది వంగినంత మేర బలం లెక్క తెలుస్తుంది. 10 నుంచి 15 పికోన్యూటన్లు! ఒక్క ఎర్ర రక్తకణం బరువే దాదాపు 1 పికోన్యూటన్ అని తలచుకుంటే, ఆ స్పర్శ ఎంత మృదువో ఊహకు అందుతుంది.

అయితే ఆ విడివడటం సాఫీగా సాగదు. ముళ్లకంపకు తగులుకున్న చీరకొంగులా ఒకచోట పట్టుకుంటుంది, బిగుస్తుంది, ఉన్నట్టుండి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ అక్షరాల్లో గ్వానిన్, సైటోసిన్ జంటను కలిపేవి మూడు హైడ్రోజన్ బంధాలు, అడినిన్, థైమిన్ జంటకు రెండే. మొదటి రకం జంటలు గుంపుగా ఉన్నచోట సూది మరింత వంగుతుంది, రెండో రకం ఎక్కువైనచోట కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. జన్మలిపిలోని ఎత్తుపల్లాలన్నీ ఆ బలపు గీతలో కొండలుగా, లోయలుగా తేలివస్తాయి. చూడకుండానే, తాకి చదివిన లిపి అది! లాగడం ఆపి వెనక్కి వదిలితే, విడిపోయిన అక్షరాలు తమ తమ జోడీలను చేరి మళ్లీ మెలికపడతాయి.

ఇదే పోగును ఈ కొసనా ఆ కొసనా పట్టి నిలువునా సాగదీస్తే దాని తీరే వేరు. అక్కడ ఒక్కో జంట వంతులవారీగా లొంగదు, మెలిక మొత్తం ఒక్కటిగా ఎదురు నిలుస్తుంది. 1996లో అమెరికాలో, ఫ్రాన్స్‌లో వేర్వేరు బృందాలు ఇది చూశాయి. బలం 65 పికోన్యూటన్ల దాకా పెరిగితే గానీ అది లొంగదు. అప్పుడైనా తెగిపోదు. తన సహజమైన పొడవుకు 1.7 రెట్లు సాగుతుంది.