మబ్బును మోసుకొనివచ్చు మంచురేకులు

నీరు సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గడ్డకట్టునని పాఠశాలలో చెప్పుదురు. గిన్నెలోని నీటికి ఇది చాలవరకు నిజమే. మేఘములోని నీటికి ఈ నియమము చాలదు. అచ్చటి బిందువుల వ్యాసము మిల్లీమీటరులో నూరవ వంతో, యాబదవ వంతో ఉండును. గడ్డకట్టుటకు ఆధారమైన ధూళికణము లోపల లేనిచో అవి సున్నకు దిగువ 10, 20 డిగ్రీల చలిలో సైతము ద్రవముగనే నిలుచును. శుద్ధజల బిందువు సుమారు 38 డిగ్రీల చలి వరకు ఓర్చుకొనగలదు.

అట్టి మేఘము గుండ మంచురేకు ఒకటి రాలుచున్నదనుకొందము. (తెలుగున పొగమంచుకును, పేరిన నీటికిని, ఆకాశము నుండి రాలు రేకులకును ‘మంచు’ అను మాటయే చెల్లుచున్నది, ఇచ్చటి ప్రసంగము కడపటి దానిని గూర్చి.) నీటియావిరి నేరుగా ఘనీభవించి పెరిగిన ఆరు రెక్కల స్ఫటికమది. సెకనుకు అర మీటరుకు మించని వేగముతో దిగును. బిందువుల వేగము సెంటీమీటరు మాత్రమే గనుక రేకు వాటిని దాటిపోవును. మిక్కిలి చిన్న బిందువులు రేకు చుట్టును ఒదిగిపోవు గాలితోపాటు తప్పుకొనును. కొంచెము పెద్దవి అంత చురుకుగా మలుపు తిరుగలేవు. బండి మలుపు తిరిగినప్పుడు అందలివారు ప్రక్కకు ఒరుగుటకు ఏది కారణమో, వీటికిని అదియే. అవి రేకును తాకి, తాకిన క్షణముననే గడ్డకట్టి అంటుకొనును. సూక్ష్మదర్శినిలో చూచినచో అరిసెమీది నువ్వులవలె కనిపించును.

ఈ అద్దకము సాగినకొలది నక్షత్రము రూపుమాసి తెల్లని గుళిక యగును. బరువుతోపాటు వేగము హెచ్చును. వేగముతోపాటు రాబడియు హెచ్చును.

అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, జెరికో గ్రామపు రైతు విల్సన్ బెంట్లీ 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా జోడించి హిమస్ఫటికమునకు ఛాయాచిత్రము తీసెను. జీవితమంతయు శ్రమించి ఐదు వేలకు పైగా తీసెను. ఆయన ఏరుకొన్నవి పొంకము గలవి. పుస్తకములందు నేటికిని మనము చూచునవి అట్టివే. జపానులో, హొక్కయిడో విశ్వవిద్యాలయమున 1936లో కృత్రిమముగా హిమస్ఫటికమును పెంచిన ఉకిచిరో నకాయా మాత్రము వంకర రేకులను, బిందువులంటి రూపు చెడిన రేకులను కూడ తన వర్గీకరణములో చేర్చెను. అందమునకు బెంట్లీ చిత్రములే మిన్న. కాని మేఘములో జరిగిన పని తెలియవలెనన్నచో చూడవలసినవి ఈ చెడిన రేకులే.

మంచు కురియని మన సీమకును ఈ గుళికలతో సంబంధము కలదు. వేసవి ఉరుముమబ్బుల పైభాగమున ఇవి పుట్టుచుండును. వడగండ్లలో అనేకములకు నడిమి విత్తు ఇట్టి గుళికయే. అతిశీతల బిందువుల నడుమ ఇవి చిన్న స్ఫటికములతో ఒరసుకొనగా విద్యుదావేశములు విడివడునని, మెరుపునకు ముఖ్యకారణమదియేయని నేటి శాస్త్రజ్ఞులలో అధికుల మతము. గుళికలలో పెక్కు దారిలోనే కరగిపోవును. గాలివానకు ముందు మామిడితోటలో టపటప రాలు పెద్ద చినుకులలో పలువాటి పుట్టుక అదియే.