ఎనిమిది పౌండ్ల గిటార్

1963 ఆగస్టు. లండన్‌కు పడమటి శివారు ఫెల్తమ్‌లో ఒక చిన్న ఇల్లు. అందులో వాడకంలేని పడకగదిని ఒక తండ్రీ కొడుకూ కలిసి కార్ఖానాగా మార్చారు. రంపం, ఉలి, ఆకురాయి, టంకం పెట్టే కడ్డీ. తండ్రి పేరు హెరాల్డ్ మే, విమానయాన మంత్రిత్వ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. కొడుకు బ్రయాన్‌కు అప్పుడే పదహారేళ్ళు నిండాయి. వాళ్ళు ఎలక్ట్రిక్ గిటార్ కట్టడానికి కూర్చున్నారు. దాదాపు రెండేళ్ళు పట్టింది. అరవై ఏళ్ళు దాటినా ఆ గిటార్ ఇంకా మోగుతూనే ఉంది. ప్రపంచం దాన్ని ‘రెడ్ స్పెషల్’ అంటుంది.

కొనలేక మొదలైన పని ఇది. అమెరికా నుంచి దిగుమతైన ఫెండర్ గిటార్లు లండన్ దుకాణాల అద్దాల వెనక మెరిసేవి. వాటి ధర ఆ ఇంటి సంపాదనకు అందేది కాదు. అయితే ఆ ఇంట్లో ఒక అలవాటుంది. కావలసిన వస్తువు కొనలేకపోతే చేసుకోవడమే. వాళ్ళింటి టీవీ కూడా హెరాల్డ్ స్వయంగా కట్టిందే. బ్రయాన్‌కు ఏడో పుట్టినరోజుకు ఒక చవక రకం చెక్క గిటార్ వచ్చింది. కొన్నాళ్ళకు అయస్కాంతాలకు రాగితీగ చుట్టి, ఆ గిటార్‌కు అతికించి, నాన్న చేసిన రేడియోకు తగిలించి వాయించాడు. తీగల మోతను విద్యుత్తుగా మార్చే పికప్‌ను సొంతంగా చేసుకోవచ్చని అప్పుడే తెలిసింది.

ఈ గిటార్ కథను చాలామంది చిత్తుసామాను కథగా చెబుతారు. పాత చెక్క, సైకిల్ కడ్డీ, అల్లిక సూది, చొక్కా గుండీలు, మొత్తం ఖర్చు ఎనిమిది పౌండ్లు అని. వినడానికి బాగుంటుంది, వివరాలూ నిజమే. కానీ అంతటితో ఆపేస్తే ఆ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. ఇది దొరికింది దొరికినట్టు అతికించిన వస్తువు కాదు. ముందు గీసుకుని, లెక్కలు వేసుకుని, ఆ లెక్కకు సరిపోయే ముక్క ఎక్కడుందో ఇల్లంతా వెతికి తెచ్చి కట్టిన యంత్రం.

మెడ దగ్గర నుంచి చూద్దాం. తెలిసినవాళ్ళ ఇంట్లో చలిమంట గూటికి పెట్టిన మహోగని చెక్కను పారేస్తుంటే తెచ్చుకున్నారు. వందేళ్ళకు పైబడిన చెక్క. చెమ్మ పూర్తిగా ఆరిపోయింది కనక ఇక వంకరపోదు, గిటార్ మెడకు కావలసిన గుణం అదే. అయితే అక్కడక్కడా చెక్కపురుగు తొలిచిన బెజ్జాలున్నాయి. వాటిలో అగ్గిపుల్లలు దోపి పూడ్చాడు బ్రయాన్. ఆరు తీగలూ కలిసి ముప్పై నలభై కిలోల బలంతో ఆ మెడను లాగుతుంటాయి. దానికి వంగిపోకుండా లోపల ఒక ఉక్కు కడ్డీ వేశారు. మెట్ల మధ్య గుర్తుగా పెట్టిన తెల్లటి చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు.

ఇక మెట్లు. మన వీణకు 24 మెట్లుంటాయి, ఈ గిటార్‌కూ 24. కానీ వీణ మెట్లను మైనం మీద నిలబెడతారు. పనివాడు చెవితో విని జరుపుతాడు, కుదరకపోతే మైనం కరిగించి మళ్ళీ మేళం కడతాడు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. చెక్కలో గాడి కోసి లోహపు మెట్టును దిగ్గొట్టాలి. గాడి తప్పితే ఆ పలక పనికిరాదు. అందుకని ముందే లెక్క కట్టాలి. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు, ఒక్కో స్థానానికి కంపనాల సంఖ్య సుమారు 1.0595 రెట్లు పెరగాలి. వీళ్ళు తీగ పొడవు 24 అంగుళాలు పెట్టుకున్నారు. దాని ప్రకారం మొదటి మెట్టు పైనుంచి 1.347 అంగుళాల దగ్గర పడుతుంది. పన్నెండోది సరిగ్గా సగంలో, 12 అంగుళాల దగ్గర. కిందికి వచ్చేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గుతూ, చివరి రెండింటి నడుమ అంగుళంలో మూడోవంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అక్కడ గాడి వెంట్రుకవాసి పక్కకు పోయినా అపస్వరం చెవికి తెలుస్తుంది. ఇదంతా చేతి పనిముట్లతో చేశారు.

ఒంటికి గట్టిదనం ఇచ్చింది పాత బల్ల నుంచి తీసిన ఓక్ చెక్క. చుట్టూ అలమరలకు వాడే మామూలు బ్లాక్‌బోర్డు, పైన పల్చటి మహోగని పొర. లోపల కావాలనే గుల్ల గదులు వదిలారు. స్పీకర్ నుంచి వచ్చే శబ్దం తిరిగి గిటార్ ఒంటిని, తీగలను తాకి కదిలిస్తే స్వరం ఆగకుండా సాగుతుంది. మైకు స్పీకర్ ముందుకు వెళ్తే కూత పెట్టడం మనం సభల్లో విన్నదే. ఆ కూతను లొంగదీసి సంగీతంగా వాడుకోవాలన్నది ఈ కుర్రవాడి కోరిక. గిటార్ పుట్టకముందే దాని గొంతు ఎలా ఉండాలో ఊహించి, అందుకు తగ్గట్టు ఒంటిని తొలిచారన్నమాట.

నాకు మరీ నచ్చిన భాగం ట్రెమొలో. ఎలక్ట్రిక్ గిటార్ బ్రిడ్జి దగ్గర ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే తీగలన్నీ ఒకేసారి వదులై శ్రుతి జారుతుంది, వదిలేస్తే మళ్ళీ పైకి రావాలి. ఆనాటి గిటార్లలో చిక్కల్లా ఈ తిరిగి రావడంలోనే. ఎక్కడో ఒరిపిడి అడ్డుపడుతుంది, తీగ వెనక్కి వచ్చేటప్పటికి శ్రుతి చెడుతుంది. తండ్రీ కొడుకులు సమస్యను విడదీసి చూశారు. ఒరిపిడి ఎక్కడెక్కడ పుడుతుంది? తీగలు బిగించిన ఉక్కు పలక ఊగే కీలు దగ్గర, బ్రిడ్జి మీద, తల దగ్గర. ఒక్కోచోటా దాన్ని తీసేయాలి.

కెమిస్ట్రీ ల్యాబులో పాత త్రాసు చూసినవాళ్ళకు తెలుసు, దాని దండె ఒక కత్తి అంచు మీద నిలబడి ఊగుతుంది. రవ్వంత బరువు వేసినా మొగ్గుతుంది, తీస్తే ఉన్నచోటికి వస్తుంది. ఇక్కడా అదే సూత్రం. ఉక్కు పలకను ఒక పాత కత్తి నుంచి తీసిన గట్టి అంచు మీద నిలబెట్టారు. ఒకవైపు తీగల లాగుడు, దానికి ఎదురుగా రెండు స్ప్రింగులు. అంత బలానికి ఓర్చి వేలసార్లు అణిగి లేచినా సత్తువ తగ్గని స్ప్రింగులు ఎక్కడ దొరుకుతాయి? ఇంజిన్‌లో. 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు తెచ్చి బిగించారు. బ్రిడ్జి మీద తీగ రాపాడకుండా చిన్న చిన్న రోలర్లు పెట్టారు, తీగతోపాటు అవీ దొర్లుతాయి. తల దగ్గర తీగలు మలుపు తిరగకుండా తిన్నగా బిరడాలకు చేరేట్టు చూశారు. మీట మాత్రం సైకిల్ సీటు వెనక సంచి తగిలించే కడ్డీ, దాని కొసకు అమ్మ అల్లిక సూది ముక్క. చెప్పుకోవలసింది ఆ సూది గురించి కాదు, కత్తి అంచు గురించి.

పికప్ దగ్గర వాళ్ళకు మొదట ఎదురుదెబ్బ తగిలింది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగితీగ. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ చలిస్తుంది. ఆ చలనం చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విషయమే. తీగ సెకనుకు 440 సార్లు ఊగితే విద్యుత్తూ 440 సార్లు ఊగుతుంది. దాన్ని పెంచి స్పీకర్‌కు ఇస్తే పాట. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ మామూలుగా ఇందులో వాడే తీగ తల వెంట్రుకంత సన్నం. మోటారు వైండింగ్ షాపులో కనిపించే తీగ దీని ముందు తాడులా ఉంటుంది. వేల చుట్లు తెగకుండా చుట్టాలి. బ్రయాన్ సొంతంగా చుట్టే యంత్రం చేసుకుని మూడు పికప్‌లు చుట్టాడు. బాగానే మోగాయి. కానీ వీణ మీద గమకం కోసం లాగినట్టు తీగను పక్కకు లాగితే ఒక వింత రొద వచ్చేది. పక్కపక్కనున్న అయస్కాంతాల ధ్రువాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణంగా అమర్చడం వల్ల, తీగ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జరిగినప్పుడల్లా ఆ తేడా వినబడేది. గమకం లాంటి లాగుడే అతని వాయిద్యానికి ప్రాణం. రెండో ఆలోచన లేకుండా సొంత పికప్‌లు తీసి పక్కనపెట్టి, బర్న్స్ కంపెనీ ట్రై-సోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. తన చేత్తో చుట్టినవన్న మమకారం చెవి చెప్పినదానికి అడ్డురాలేదు. నిజమైన ఇంజినీరు లక్షణం ఇదే అంటాను.

కొన్నవాటినీ ఉన్నట్టు వాడలేదు. పెద్ద శబ్దంలో చుట్టలోని తీగలు వాటంతటవే అదిరి కీచుమంటాయని తెలిసి, లోపల ఆరల్‌డైట్ జిగురు నింపి గట్టిపరిచాడు. తర్వాత స్విచ్‌లు. ఒక్కో పికప్‌కు రెండు, మొత్తం ఆరు. ఒకటి వేయడానికి, ఆపడానికి. రెండోది దాని విద్యుత్తు దిశను తిరగేయడానికి. తీగ మీద ఒక్కోచోట అనుస్వరాల పాళ్ళు ఒక్కోలా ఉంటాయి. రెండు పికప్‌లను ఒకే దిశలో కలిపితే గొంతు నిండుగా, బరువుగా వస్తుంది. ఒకదాన్ని తిరగేస్తే, రెండింటిలోనూ సమానంగా ఉన్న బరువైన మూలస్వరం చాలావరకు కొట్టుకుపోయి, పైనున్న సన్నటి అనుస్వరాలు కోసుగా బయటికొస్తాయి. దుకాణంలో అమ్మే చాలా గిటార్లలో ఆనాడు ఇన్ని గొంతులు లేవు.

వాయించడానికి ప్లాస్టిక్ మీటు బదులు ఆరు పెన్నీల నాణెం వాడాడు, ఇప్పటికీ అదే. ప్లాస్టిక్‌లా వంగదు, అంచున ఉన్న గరుకు తీగను తాకి ప్రతి స్వరానికీ ఒక చిన్న పలుకు ఇస్తుంది.

1970లో బ్రయాన్ గిటారిస్టుగా క్వీన్ అనే రాక్ బృందం ఏర్పడింది. గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ, అసలు పేరు ఫారూఖ్ బల్సారా, మన పంచగని బడిలో పియానో నేర్చినవాడు. మరుసటి ఏడాది చేరిన బేస్ గిటారిస్టు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు. అతనికి లండన్ వీధిలో చెత్త తొట్టెలో ఒక సర్క్యూట్ బోర్డు దొరికింది. దాన్ని ఇంటికి తెచ్చి, ఒక చిన్న స్పీకర్ పెట్టెలో అమర్చి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించాడు. రెడ్ స్పెషల్ దాంట్లో మోగితే గిటార్‌లా కాక వయొలిన్‌లా, బాకాలా పలికింది. ఒకే గిటార్‌ను పదేపదే వాయించి, ఆ పొరలన్నీ టేపు మీద పేర్చి మే పెద్ద వాద్యబృందాన్నే కట్టేవాడు. వినేవాళ్ళు ఇదేదో సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం అనుకునేవారు. అందుకే 1970లలో వచ్చిన వాళ్ళ కొన్ని ఆల్బమ్‌ల అట్టల మీద ఇందులో సింథసైజర్ లేదని అచ్చువేసుకున్నారు. 1980లో వచ్చిన ‘ద గేమ్’ ఆల్బమ్‌తోనే సింథసైజర్ వాళ్ళ పాటలోకి అడుగుపెట్టింది.

సింథసైజర్ కూడా ఇలాంటి ఇంటి నుంచే వచ్చిందని ఇక్కడ చెప్పాలి. న్యూయార్క్‌లో రాబర్ట్ మూగ్ అనే కుర్రవాడు ఇంజినీరైన తండ్రితో కలిసి ఇంట్లోనే థెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాలు కట్టాడు. 1954లో ఇద్దరూ కలిసి వాటిని అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత విడిభాగాల కిట్‌లు పోస్టులో పంపి, ఎవరికి వారు కట్టుకునేట్టు చేశాడు. పదేళ్ళకు, 1964లో, అదే మనిషి చేతిలో మూగ్ సింథసైజర్ రూపుదిద్దుకుంది.

ఫెల్తమ్ ఇంట్లో మాత్రం కథ తిన్నగా సాగలేదు. బ్రయాన్ ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తూ, 1974 ప్రాంతంలో పాటల కోసం దాన్ని మధ్యలో వదిలేశాడు. గిటార్ కట్టడానికి రెండేళ్ళు పక్కన కూర్చున్న తండ్రికే ఆ నిర్ణయం మింగుడుపడలేదు. కొంతకాలం ఇద్దరికీ మాటలు సరిగా లేవు. తర్వాత కొడుకు అమ్మానాన్నలను కాంకార్డ్ విమానంలో న్యూయార్క్ తీసుకెళ్ళి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తన కచేరీ చూపించాడు. తామిద్దరూ చేసిన గిటార్ అంత పెద్ద జనం ముందు మోగుతుంటే చూశాక తండ్రి మెత్తబడ్డాడు. వదిలేసిన పీహెచ్‌డీని బ్రయాన్ 2007లో, అరవయ్యో ఏట పూర్తిచేశాడు. గ్రహాల మధ్య తేలే ధూళి వేగాల మీద పరిశోధన అది.

గిటార్‌కు వయసు మీదపడింది. 1998లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రెగ్ ఫ్రయర్ దాన్ని జాగ్రత్తగా బాగుచేశాడు. 2002 జూన్‌లో ఎలిజబెత్ రాణి సింహాసనారోహణ స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి మే జాతీయగీతం వాయించింది దీని మీదే. దాని నకళ్ళు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతాయి. అంతకంటే నాకు సంతోషం కలిగించేది, దాని కొలతలు సంపాదించి ఇళ్ళలో కట్టుకునే ఔత్సాహికులు దేశదేశాల్లో ఉండడం. అలాంటి పనికి దిగాలనుకునే కుర్రవాళ్ళెవరైనా మన ఇళ్ళలో ఉంటే పూర్తి గిటార్‌తో మొదలుపెట్టవద్దనండి. ముందు ఒక్క పికప్ చుట్టమనండి. ఒక అయస్కాంతం, కొద్దిగా సన్నటి ఎనామెల్ తీగ, చెక్క మీద బిగించిన ఒక ఉక్కు తీగ, పాత ఆంప్లిఫయర్ చాలు. మొదటి చుట్ట తెగుతుంది, రెండోది రొద చేస్తుంది. భోజనాల బల్ల రెండు వారాలు వాళ్ళకు వదిలేయండి.

ఈలోగా మీరు ఒక పాట వినండి. 1975 నాటి క్వీన్ ఆల్బమ్ ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’లో ‘గుడ్ కంపెనీ’ అని ఉంటుంది, వీలైతే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. పాట చివర్లో ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్‌లతో పాతకాలపు జాజ్ బృందం ఒకటి మోగుతుంది. అందులో ఊదే వాద్యం ఒక్కటీ లేదు. అంతా చలిమంట గూటి చెక్కతో చేసిన ఆ గిటార్, చెత్త తొట్టెలో దొరికిన ఆ బోర్డు.