ముందు చక్రముల చప్పుడు - రోగనిదానము

కందెన ఎండిన బండి ఇరుసు కీచుమనును. ఆ కూత వినినంతనే బండివాడు ఎద్దులను నిలిపి, శీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలికి జరిపి కందెన పూయును. అతనికి సందేహమే లేదు. ఆ బండిలో తిరుగునవి రెండే చక్రములు. చప్పుడు చేయదగిన చోట్లు వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. మోటారుకారు సంగతి అట్లు కాదు. ముందు చక్రముల చుట్టునే బేరింగులు, బ్రేకులు, స్టీరింగు కడ్డీలు, స్ప్రింగులు, రబ్బరు బుష్షులు గుమిగూడి యుండును. నేటి చిన్నకార్లలో పెక్కింటికి ఇంజను ముందుండి, ముందు చక్రములనే త్రిప్పును. 1983లో వెలువడిన మారుతి 800 ఈ తరహా కారే. అంతకుముందు మన రోడ్లపై విరివిగా తిరిగిన అంబాసిడరులో ఇంజను ముందున్నను, కారును నడుపునవి వెనుక చక్రములు.

అందుచే "ముందునుండి ఏదో చప్పుడు వచ్చుచున్నది" అను ఫిర్యాదునకు ఒక్క సమాధానము లేదు. ఉన్న సమాధానములలో కొన్ని నిరపాయకరములు, కొన్ని ప్రాణాంతకములు. టైరు గాడిలో ఇరుకుకొన్న గులకరాయి టిక్కుటిక్కుమనును. ఊడిపోవ సిద్ధముగా నున్న బంతికీలు ఠక్కుమనును. కారులో కూర్చున్నవానికి ఈ రెంటికి గల భేదము ఒక్కొక్కప్పుడు స్వల్పముగనే తోచును.

ఇట్టి పరీక్షలో మొదట చెవినే నమ్మరాదు. మన రెండు చెవుల నడుమ దూరము సుమారు 20 సెంటీమీటర్లు. ప్రక్కనుండి వచ్చు ధ్వని రెండవ చెవికి సెకనులో వెయ్యవ వంతుకంటె తక్కువ కాలము ఆలస్యముగా చేరును. ఆ స్వల్పభేదమును, తల అడ్డుపడుటచే కలుగు తీవ్రతాభేదమును పట్టుకొని మెదడు దిక్కును నిర్ణయించును. ఆరుబయట ఇది చక్కగా సాగును. మూసిన కారులో సాగదు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవగా, ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోవును. చక్రమువద్ద పుట్టిన కంపనము కడ్డీల వెంబడి ప్రాకి కారు రేకులను చేరును. పలుచని రేకు మద్దెల చర్మమువలె మ్రోగును. వినువానికి రేకు మ్రోగిన చోటనే జబ్బున్నట్లు తోచును. గుండెజబ్బు వచ్చినవానికి ఎడమచేయి నొచ్చుట ఇట్టిదే. మరియు, సెకనుకు 100 కంపనములుగల ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు, అనగా కారు వెడల్పునకు ఇంచుమించు రెట్టింపు. అంత పొడవైన తరంగమునకు మనిషి తల ఒక అడ్డే కాదు.

కనుక "ఎక్కడ?" అను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, "ఎప్పుడు?" అని అడుగవలెను. ప్రయోగశాలలో విద్యార్థి చేయు పని ఇదియే: తక్కిన పరిస్థితులను మార్చక, ఒక్కదానిని మార్చి ఫలితమును గమనించుట. కారును నిలిపి ఇంజను వేగము పెంచినపుడు చప్పుడు పెరిగినచో దోషము చక్రములలో లేదు, ఇంజనులోనో దాని బెల్టులలోనో కలదు. నిర్జనమైన సమతల మార్గమున పోవుచు గేరు తప్పించి కారును తనంతట సాగనిచ్చినపుడు, ఇంజను వేగము తగ్గినను చప్పుడు మారనిచో అది చక్రములతో తిరుగు వస్తువునకు చెందినది. ఈ పరీక్షలో ఇంజనును ఆర్పివేయరాదు. ఇంజను ఆగినచో బ్రేకునకు సాయపడు శక్తి తగ్గిపోవును; తాళపుచెవి తీసినచో స్టీరింగు బిగిసికొనవచ్చును.

చక్రముతో సంబంధమున్నదని తేలిన పిమ్మట లెక్క సాయపడును. 60 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రము ఒకమారు తిరిగినచో కారు సుమారు 1.88 మీటర్లు పోవును. గంటకు 10 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 2.78 మీటర్లు, అపుడు చక్రము సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగును. కావున పది సెకనులలో పదునైదు టిక్కులు వినిపించినచో, చుట్టునకు ఒకమారు తగులు వస్తువేదో కలదన్నమాట. అది గులకరాయి కావచ్చును, టైరుపై లేచిన బొబ్బ కావచ్చును, వదులైన చక్రపు నట్టు వలన కలుగు కదలిక కావచ్చును. మొదటిది స్క్రూడ్రైవరుతో పెకలించిన పోవును. మూడవదానిని గుర్తింపక పోయినచో చక్రమే పోవును.

బేరింగు లెక్క వేరు, మరింత రమ్యమైనది. బరువైన రాతిపలకను గుండ్రని దుంగలపై దొర్లించువారు గమనించియుందురు: పలక రెండడుగులు సాగునప్పటికి దుంగ ఒక్క అడుగే సాగును. బేరింగులోని ఉక్కు గుండ్లును అట్టివే. లోపలి కడియము చక్రముతో తిరుగుచుండ, వెలుపలి కడియము కదలక నిలిచియుండును; నడుమనున్న గుండ్లు లోపలి కడియపు అంచు వేగములో సగము వేగముతో సాగును. వాని మార్గము లోపలి కడియముకంటె పెద్దది గనుక, చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి గుండ్ల వరుస సగముకన్న కొంచెము తక్కువగా, సుమారు 0.4 చుట్టు తిరుగును. పది గుండ్లున్నచో, వెలుపలి కడియముపైనున్న ఒక చిన్న గుంటను చక్రపు ప్రతి చుట్టునకు నాలుగు గుండ్లు దాటును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనుకు 5.3 చుట్లు తిరుగును, కావున సెకనుకు 21 దెబ్బలు. ఇవి లెక్కకు అందవు. ప్రతి దెబ్బకును చుట్టునున్న లోహము గంటవలె కంపించును. అన్నియు కలిసి "గుర్ర్" మను రొదగా వినిపించును. వేగము రెట్టింపైనచో దెబ్బలును రెట్టింపై, రొద స్థాయి పెరుగును.

అరిగిన టైరు కూడ ఇంచుమించు ఇట్లే రొద చేయుటచే, బేరింగు చెడినపుడు కొత్త టైర్లు కొని డబ్బు పోగొట్టుకొనువారు కలరు. వీనిని వేరుచేయుట కష్టము కాదు. సిమెంటు రోడ్డునుండి తారురోడ్డుపైకి వచ్చినపుడు టైరు రొద మారును. బేరింగు రొద మారదు. ముందు టైర్లను వెనుకకు, వెనుక టైర్లను ముందునకు మార్చి బిగించినపుడు రొదయు వెనుకకు పోయినచో దోషి టైరే. ఇక కుడివైపునకు మలుపు తిరుగునపుడు కారు బరువు ఎడమ చక్రములపైకి ఒరగును. అపుడు రొద హెచ్చి, ఎడమకు తిరుగునపుడు తగ్గినచో, చాలవరకు ఎడమ బేరింగునే అనుమానింపవలెను. ఉపేక్షించిన బేరింగు వేడెక్కును, కందెన కరిగి పోవును, తుదకు చక్రము బిగిసికొనవచ్చును.

స్టీరింగు పూర్తిగా త్రిప్పి కారును ముందునకు లాగించునపుడు మాత్రమే "టక్, టక్, టక్" మని వినిపించిన చప్పుడు మరియొక కథ చెప్పును. ముందు చక్రమును త్రిప్పు ఇరుసు, చక్రము ప్రక్కకు తిరిగినపుడు కూడ శక్తినందింపవలెను గదా! 17వ శతాబ్దమున రాబర్టు హుక్ వర్ణించిన కీలు ఈ పనికి చాలదు. అది 30 డిగ్రీలు వంగినపుడు, ఇరుసు ఏకరీతిగా తిరిగినను చక్రము వేగము 0.87 రెట్లకు, 1.15 రెట్లకు నడుమ ప్రతి చుట్టునకు రెండుమారులు ఊగిసలాడును. అమెరికాలో 1920వ దశకమున ఆల్ఫ్రెడ్ ఝెప్పా కల్పించిన కీలులో ఆరు గుండ్లు వంకర గాడులలో నిలిచి ఈ లోపమును తొలగించును. నేరుగా పోవునపుడు గుండ్లు గాడిలో దాదాపు ఒకేచోట నుండును. మలుపులో ప్రతి చుట్టునకును ముందునకు వెనుకకు జారును. గాడి అరిగినచో గుండు ఆ గుంట అంచు దాటునపుడు టక్కుమనును. ఈ జబ్బునకు మూలము తరచుగా కీలుపైనున్న రబ్బరు తొడుగు చినుగుటయే. కందెన బయటికి చిమ్మును, ఇసుక లోనికి పోవును. కొద్దిపాటి ఖరీదుగల తొడుగును సకాలమున మార్పకుండుటచే కీలంతయు పాడగును.

బ్రేకు కీచుధ్వని ఫిడేలు కమాను వంటిది. ప్యాడ్ డిస్కును పట్టును, జారును, మరల పట్టును. నిశ్చల ఘర్షణ చలన ఘర్షణకంటె హెచ్చగుటయే దీనికి కారణము. వాన వెలిసిన మరునాటి ఉదయమున వినవచ్చు కూత డిస్కుపై పట్టిన పలుచని త్రుప్పుదే. నాలుగుమారులు బ్రేకు వేసిన పోవును. ఎల్లప్పుడును వినిపించుచు, బ్రేకు త్రొక్కినపుడు మారు సన్నని కూతను మాత్రము అలక్ష్యము చేయరాదు. పెక్కు కార్లలో ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లే మిగిలినపుడు డిస్కునకు తగులునట్లు ఒక చిన్న ఉక్కుబద్దను కావలెననియే అమర్చుదురు. అది హెచ్చరిక. కూత పోయి "గరగర" మొదలైనచో ప్యాడ్ పూర్తిగా అయిపోయి, ఇనుమును ఇనుము ఒరయుచున్నదని అర్థము.

గుంటలలో మాత్రమే వినిపించు "ధబ్", "ఠక్" చప్పుళ్ళు చక్రము తిరుగుటకు సంబంధించినవి కావు. స్ప్రింగు క్రిందుమీదగుటకు సంబంధించినవి. వదులైన రబ్బరు బుష్షులు, అరిగిన బంతికీళ్ళు వీనికి కారణములు. మన భాషలో చప్పుళ్ళకు ఇన్ని మాటలుండుట ఇచట ఉపకరించును. "ఏదో చప్పుడు" అనువానికంటె, "గుంటలో ఠక్కుమనును, మలుపులో టకటకలాడును" అని చెప్పినవాడు మెకానిక్కుకు సగము శ్రమ తగ్గించును.

అనుమానము ఒకచోటికి చేరిన పిమ్మట చేతికి పని. 1816లో పారిస్‌లో లెనెక్ అను వైద్యుడు కాగితపు గొట్టమును రోగి రొమ్మున ఆనించి గుండె చప్పుడు వినెను. మెకానిక్కులు పొడవైన స్క్రూడ్రైవరు మొనను కదలని భాగమునకు ఆనించి, పిడిని చెవివద్ద నుంచి వినుట ఆ సూత్రమే. జాకీతో చక్రమును లేపి, ఒక చేతితో స్ప్రింగును తాకుచు మరియొక చేతితో చక్రమును త్రిప్పినచో చెడిన బేరింగు గరుకుదనము వ్రేళ్ళకు తెలియును. పిదప రెండవ ప్రక్క చక్రమును అట్లే చూడవలెను. మంచి చక్రమే చెడ్డదానికి కొలబద్ద. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టవలెను.

లేపిన చక్రమును పైన, క్రింద పట్టి ఊపినపుడు ఆట కనిపించినచో బేరింగుగాని బంతికీలుగాని అరిగినది. కుడి ఎడమల పట్టి ఊపినపుడు మాత్రమే ఆట ఉన్నచో స్టీరింగు కడ్డీల కీళ్ళు అరిగినవి. ఒకరు ఊపుచుండ మరియొకరు దీపముతో ఏ కీలు కదలుచున్నదో చూడవలెను. బంతికీలులో ఆట స్పష్టముగా కనిపించినచో ఆ కారును షెడ్డుకు నడుపుకొని పోరాదు, లారీపై ఎక్కించి పంపవలెను. ఆ కీలు విడిపోయినచో చక్రము ప్రక్కకు మడతపడును. అపుడు స్టీరింగు త్రిప్పినను కారు వినదు.