టీచరమ్మ వెంట టామీ... సముద్రాలు దాటి!

విదేశంలో పాఠాలు చెప్పే అవకాశం వచ్చింది. వీసా, టికెట్లు, పిల్లల చదువు... అన్నీ ఆలోచించారు. మరి ముప్ఫై కిలోల లాబ్రడార్ సంగతేంటి? దాన్నీ తీసుకెళ్లాలంటే ఆ పని మీ వీసాకన్నా ముందే మొదలుపెట్టాలి.

స్వర్గద్వారం దాకా వచ్చిన ధర్మరాజును ఇంద్రుడు రథం ఎక్కమన్నాడు. వెంట ఉన్న కుక్కని మాత్రం వదిలేయమన్నాడు. నమ్మి వచ్చిన ప్రాణిని వదిలి రానన్నాడు ధర్మరాజు. అక్కడైతే ధర్మదేవత ప్రత్యక్షమై కథ సుఖాంతమైంది. విమానాశ్రయంలో అలాంటి వెసులుబాటేమీ ఉండదు. ఎంత బతిమాలినా, కాగితం లేకపోతే కుక్క విమానం ఎక్కదు.

మన టీచర్లు విదేశాలకు వెళ్లడం కొత్తేమీ కాదు. 1960లు, 70ల్లో ఇథియోపియా బడుల్లో ఎందరో భారతీయ టీచర్లు పాఠాలు చెప్పారు. ఆ తరవాత గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లు, మాల్దీవుల బడులు రమ్మన్నాయి. ఇప్పుడు రెండేళ్ల బోధనానుభవం ఉన్నవారికి అమెరికా జె-1 వీసా దారి చూపిస్తోంది. 11-16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు బోధించేవారికి 2023 నుంచి ఇంగ్లండ్‌లో టీచరు హోదాకి దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది.

అప్పట్లో రెండు పెట్టెలు సర్దుకుంటే సరిపోయేది. ఇప్పుడలా కాదు. ఫ్లాట్లలోనూ లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు పెరుగుతున్నాయి. పెరుగన్నం తిని, సోఫా మీద పడుకుని, ఇంటిపేరు ఒక్కటే తక్కువ అన్నట్టు కలిసిపోయాయి. అందుకే అమ్మకి ఉద్యోగం వచ్చిందనగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న... ‘అమ్మా, మరి టామీ?’

చిప్పు ముందు... సూది తరవాత

ఓ ఇంటిని ఊహించుకుందాం. హనుమకొండలో లెక్కల టీచరమ్మ. భర్త, ఎనిమిదో తరగతి చదివే కూతురు, ఐదేళ్ల లాబ్రడార్. అమెరికాలో స్కూలు ఆగస్టులో మొదలవుతుంది. ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వసంతంలో వచ్చింది. చేతిలో ఉన్నది నాలుగైదు నెలలు. టామీని తీసుకెళ్లగలరా?

తీసుకెళ్లొచ్చు. కానీ, వరస తప్పకూడదు.

ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికా అయితే కుక్కల్లో వ్యాపించే రేబిస్ రకాన్ని నిర్మూలించినట్టు 2007లోనే ప్రకటించుకుంది. అందుకే మనలాంటి దేశాల నుంచి వచ్చే కుక్కల విషయంలో అంత పట్టుదల. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం- సీడీసీ నిబంధనల్ని ఇంకా బిగించింది. ఆరు నెలల వయసు నిండని కూనలకు ప్రవేశమే లేదు. మిగతావాటికి మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ టీకా ఆ తరవాతే వేయించాలి. టీకా ముందు, చిప్పు తరవాత అయితే ఆ టీకా లెక్కలోకి రాదు. మళ్లీ వేయించాల్సిందే. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. ఏటా టీకా వేయిస్తున్నాం కదా అని ధీమాగా ఉంటారు. చిప్పు సంగతి ప్రయాణం ముందు గుర్తొస్తుంది!

టీకా వేశాక కనీసం ముప్ఫై రోజులు ఆగి రక్తం తీయించాలి. రేబిస్‌ను ఎదుర్కొనే శక్తి ఆ రక్తంలో తగినంత ఉందా లేదా అన్నది గుర్తింపు ఉన్న ల్యాబ్ చెప్పాలి. మిల్లీలీటరుకి 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటే పాసైనట్టు. రక్తం తీసిన రోజు నుంచి మరో 28 రోజులు గడిచాకే అమెరికాలో అడుగుపెట్టాలి. మన లెక్కల టీచరమ్మ మార్చి 1న టీకా వేయిస్తే, రక్తం తీసేది మార్చి 31న. ఏప్రిల్ 28కి టామీ సిద్ధం. ఈ పరీక్ష లేకుండా వెళితే అక్కడ 28 రోజులు క్వారంటైన్. ఖర్చు యజమానిదే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఇలాంటి కుక్కలు అమెరికాలో ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు. సీడీసీ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రాలున్న న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, అట్లాంటా, మయామి లాంటి కొద్ది విమానాశ్రయాల్లోనే దిగాలి. ఆ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. ఉద్యోగం వేరే ఊళ్లో అయితే అక్కణ్నుంచి మరో విమానమో, గంటల తరబడి కారు ప్రయాణమో తప్పదు.

ఒక్కో దేశానిది ఒక్కో లెక్క

ఇంగ్లండ్‌కి వెళ్లాలంటే వరస దాదాపు ఇదే, ఎదురుచూపు ఎక్కువ. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. పైగా అక్కడ దిగడానికి ఒకటి నుంచి అయిదు రోజుల ముందు బద్దెపురుగులకు మందు వేయించి, డాక్టరుతో కాగితం మీద రాయించాలి. విమానంలో కార్గోగానే రావాలి. అయినా ఒకప్పటితో పోలిస్తే ఇది నయమే. 2000లో పెంపుడు జంతువుల ప్రయాణ పథకం మొదలయ్యేదాకా బ్రిటన్‌కు వెళ్లిన కుక్క ఆరు నెలలు క్వారంటైన్‌లో గడపాల్సి వచ్చేది.

ఆస్ట్రేలియా ఇంకా కఠినం. మన దేశం నుంచి నేరుగా కుక్కని తీసుకెళ్లే వీల్లేదు. ఆస్ట్రేలియా ఆమోదించిన మరో దేశంలో నెలల తరబడి ఉంచి, అక్కడి కాగితాలతో తీసుకెళ్లాలి. దిగాక మెల్‌బోర్న్ దగ్గర మికల్‌హమ్‌లోని ప్రభుత్వ కేంద్రంలో క్వారంటైన్ ఎలాగూ ఉంటుంది.

జాతి కూడా ముఖ్యమే. పిట్‌బుల్‌ని బ్రిటన్ 1991 చట్టంతోనే నిషేధించింది. 2023 చివర్లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్స్ఎల్ బుల్లీ కూడా ఆ జాబితాలో చేరింది. గల్ఫ్‌లో రాట్‌వీలర్, డాబర్‌మ్యాన్ లాంటి వాటికి అభ్యంతరాలున్నాయి. బుల్‌డాగ్, పగ్, బాక్సర్ లాంటి చప్పిడిముక్కు కుక్కలకు విమానంలో ఊపిరాడని ప్రమాదం ఎక్కువ. అందుకే చాలా విమాన సంస్థలు వాటిని ఎక్కించుకోవు.

బరువు ముప్ఫై... చార్జీ తొంభైకి!

చిన్న కుక్కపిల్లని కొన్ని విమానాల్లో సీటు కింద బుట్టలో పెట్టుకోవచ్చు. లాబ్రడార్‌కి ఆ అదృష్టం లేదు. దాని చోటు విమానం కింది భాగంలోనే. అదేదో చీకటి గోదాము అని భయపడక్కర్లేదు. జంతువులను ఉంచే ఆ భాగంలోనూ పైన ప్రయాణికులకు ఉన్నట్టే గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతారు.

పెట్టె కొలతలకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం సూత్రం ఉంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి, నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు పెట్టె వెడల్పు. ఎత్తు... నిలబడితే చెవులు పైకప్పుకి తగలనంత. అంటే లోపల కుక్క నిలబడాలి, తిరగాలి, హాయిగా పడుకోవాలి.

చార్జీ దగ్గరే చాలామంది కంగుతింటారు. కార్గోలో కుక్క బరువొక్కటే కాదు, పెట్టె ఆక్రమించే చోటునీ లెక్కిస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి ఆరువేలతో భాగించడం మామూలు పద్ధతి. పెద్ద కుక్కలకు వాడే 102, 69, 76 సెంటీమీటర్ల పెట్టెను అలా లెక్కిస్తే 89 కిలోలు వస్తుంది. టామీ ముప్ఫై కిలోలే, డబ్బు మాత్రం దాదాపు తొంభై కిలోలకు! పెట్టె, పరీక్షలు, ఏజెంటు రుసుము అన్నీ కలిస్తే ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం అందకముందే పెట్టాల్సిన ఖర్చిది.

బయల్దేరే ముందు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల విభాగం నుంచి ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది. పెట్టెను మాత్రం రెండు మూడు నెలల ముందే కొని, తలుపు తీసి హాల్లో ఉంచాలి. అన్నం అందులోనే పెట్టాలి. ‘ఇది నా గది’ అని కుక్క అనుకుంటే సగం పని అయినట్టే. కంగారు పడుతుందని మత్తుమందు ఇవ్వడం మాత్రం ప్రమాదం. ఆకాశంలో రక్తపోటు, ఊపిరి తేడా చేస్తే పక్కన చూసేవారుండరు. మందుకు బదులు మీరు కట్టి విడిచిన పాత చీరముక్క ఒకటి లోపల పరిచినా చాలు. ఆ వాసనే దానికి ధైర్యం.

దిగాక అసలు పరీక్ష

కొత్తగా వెళ్లిన టీచర్లు మొదట్లో ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకుండటం మామూలే. కారు ఉండదు, అక్కడి బ్యాంకుల్లో పరపతి ఉండదు. అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కుక్కకి విడిగా డిపాజిట్, నెలనెలా అదనపు అద్దె అడుగుతారు. ఇంత బరువు దాటితే వద్దనేవారూ ఉన్నారు. కాబట్టి టామీ టీచరమ్మతోపాటే విమానం ఎక్కాల్సిన పనిలేదు. ఆమె ముందు వెళ్లి, కుక్కని ఒప్పుకునే ఇల్లు చూసుకుని, సెలవుల్లో కుటుంబంతోపాటు రప్పించుకోవడం తెలివైన పని.

వీసా తేదీలూ మన చేతిలో ఉండవు. 2025 మే చివర్లో విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాల కొత్త అపాయింట్‌మెంట్లను అమెరికా మూడు వారాలపాటు ఆపేసింది. అలాంటప్పుడు కుక్క టికెట్టు ముందే కొన్నవారికి నష్టమే. చిప్పు, టీకా, రక్తపరీక్ష ముందుగా చేయించి, టికెట్టు మాత్రం వీసా చేతికొచ్చాకే కొనాలి.

ఆ తరవాత మొదలవుతుంది రోజువారీ జీవితం. ఇక్కడ తాతయ్య, బామ్మ, పనమ్మాయి... ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుండేవారు. అక్కడ పొద్దున్నే టీచరమ్మ బడికి, పాప మరో బడికి. మధ్యాహ్నం దాకా నాలుగు గోడల మధ్య కుక్క ఒక్కటే. అద్దింట్లో అది అరిస్తే పక్కవాటావాళ్ల ఫిర్యాదు. బయట తిప్పే మనిషిని పెట్టుకోవాలంటే డాలర్లు. ‘టామీ, రారా’ అంటే పరుగెత్తుకొచ్చే కుక్క, ఆ మనిషి ఇంగ్లిష్‌లో పిలిస్తే అయోమయంగా చూస్తుంది. కొద్ది వారాల్లో అదీ నేర్చుకుంటుందనుకోండి!

వదిలి వెళ్లాలంటే...

జె-1 వీసా మీద టీచరు ఉండేది మామూలుగా మూడేళ్లు. పొడిగిస్తే అయిదు. లాబ్రడార్ ఆయుష్షు పది పన్నెండేళ్లు. అయిదేళ్ల టామీకి ఆ కాలం మిగిలిన జీవితంలో సగం. ‘మూడేళ్లే కదా, వచ్చాక చూసుకుందాం’ అనుకునేముందు ఈ లెక్క వేసుకోవాలి. అలాగే, పదేళ్లు దాటిన కుక్కనో, గుండె జబ్బున్నదాన్నో అంత దూరం తిప్పడం ప్రేమ అనిపించుకోదు. పశువైద్యుడు వద్దంటే వినాలి.

తీసుకెళ్లలేకపోతే వదిలి వెళ్లడం నేరమేమీ కాదు. ఎలా వదులుతున్నామన్నదే ముఖ్యం. ముప్ఫై కిలోల కుక్క గొలుసు లాగితే డెబ్భై ఏళ్ల నాన్నగారు పడిపోతారు. ఆ బాధ్యత ఆయన మీద పెట్టేముందు ఒక్క వారం ఆయనే తిప్పేలా చేసి చూడాలి. తెలిసినవారి ఇంట్లో ఇవ్వాలనుకుంటే, ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచే అక్కడికి అలవాటు చేయాలి. మందుల చీటీ, టీకాల పుస్తకం, నెలనెలా తిండి ఖర్చు... అన్నీ మాట్లాడుకోవాలి. తిండీ నీళ్లకు అలమటించేలా జంతువును వదిలేసి పోవడం మాత్రం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం శిక్షార్హం.

ఇంటర్వ్యూలో స్కూలువాళ్లు కుక్క సంగతి అడగరు. వీసా అధికారికీ దాంతో పనిలేదు. అడగాల్సింది ఇంట్లోవాళ్లే. దరఖాస్తు నింపిన రోజే నలుగురూ కూర్చుని ఆ మాట తేల్చుకుంటే, చేతిలో సమయం ఉంటుంది. ఆఫర్ లెటర్ వచ్చాక మొదలుపెడితే... తేల్చేది మనం కాదు, క్యాలెండరు!