తాతగారి తుపాకి అటకపై ఉండవచ్చునా?

పెద్దలు కాలం చేసిన తరువాత అటక దించితే పాత వస్తువులెన్నో బయటపడతాయి. కోలారు బంగారు గనుల ప్రాంతంలో వాటిలో సైనిక చిహ్నాలు కూడా ఉండవచ్చు. బ్రిటిషు కాలంలో గనుల దొరలు, ఉద్యోగులు సహాయక దళంలో చేరి కవాతు చేసేవారు. కోలార్ గోల్డ్ ఫీల్డ్ బెటాలియన్ అనే ఆ దళపు టోపీ బిళ్ళలను నేటికీ సేకర్తలు వెదకి కొంటారు. బిళ్ళలు, బొత్తాలు, నీటి సీసాలు ఇంట ఉంచుకొనుటకు అభ్యంతరం లేదు. తుపాకి సంగతి వేరు.

స్విట్జర్లాండులో సైనిక సేవ ముగించిన పౌరుడు తన తుపాకిని అనుమతి పత్రంతో కొనుక్కోవచ్చు. ఆ సైన్యం వదిలిన కె-31 తుపాకులు ఇతర దేశాల సేకర్తలకూ చేరాయి. మడమకు బిగించిన ఇనుప రేకు విప్పితే, వాడిన సిపాయి పేరు గల చిన్న చీటీ ఒక్కొక్కప్పుడు దొరుకుతుంది. ఆ చీటీ కోసమే తుపాకి కొనేవారున్నారంటే నమ్మవచ్చు!

మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. అడవిపందుల బెడదకు తాత పొందిన లైసెన్సు తాతతోనే ముగుస్తుంది. అటుపై ఆ తుపాకిని జాప్యం చేయక సమీప ఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించి రసీదు పొందవలెను. అప్పగించినంత మాత్రాన అది పోయినట్లు కాదు. వారసుడు తన పేర లైసెన్సుకు అర్జీ పెట్టుకొనే వీలును 2016 నియమావళి కల్పించింది. అయితే తక్కిన వారసుల సమ్మతి కావలెను. అన్నదమ్ముల పంతాలు అడ్డుపడేది ఇక్కడే.

“తుప్పు పట్టినదే కదా” అన్న మాట చెల్లదు. మరమ్మతు చేసినా పేలనంతగా పాడైన పాతకాలపు ఆయుధానికే మినహాయింపు. తుపాకి లేకున్నా, పేలగల తూటా ఒక్కటున్నా లైసెన్సు అవసరం. సైన్యం వాడిన .303 రైఫిలు నిషిద్ధ శ్రేణిలోనిది. దానికి సాధారణ లైసెన్సు దొరకదు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని మామూలు తుపాకికే శిక్ష 2 నుండి 5 ఏళ్ళ జైలు, జరిమానా. లైసెన్సున్నా ఒక్కరికి 2 తుపాకులే.

సరిహద్దు రైతులు మరొకటి గమనించవలెను. లైసెన్సు పుస్తకంలో అది చెల్లే ప్రాంతం రాసి ఉంటుంది. అది కర్ణాటకకే పరిమితమైతే, నంగిలి దాటి పలమనేరు వైపున్న చేనికి తుపాకి తీసుకొని వెళ్ళరాదు. ప్రాంతం పెంచమని కోరే అర్జీ ఇటువారు కోలారులో డిప్యూటీ కమిషనరుకు, అటువారు చిత్తూరులో కలెక్టరుకు ఇవ్వవలెను.