మీకు తెలుసా? రోడ్డు పాఠాలకు గురువు ఏ దేశం?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఈ అంకె చూసిన ఎవరికైనా 'ఫలానా దేశంలో ఇలా చేశారట, మనమూ చేస్తే పోలేదా' అనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. రోడ్డు భద్రతలో పేరు తెచ్చుకున్న దేశాలు కూడా ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నవే. కాకపోతే, పక్కవాడి పేపరు చూసి రాసే కుర్రాడు ఒక్కోసారి వాడి హాల్‌టికెట్ నంబరు కూడా దించేస్తాడు. దేశాలూ అలాంటి పనులు చేశాయి. ఇంతకీ దించుకోవాల్సింది ఏది, సొంతంగా రాసుకోవాల్సింది ఏది? ఈ ముచ్చట్లు చదివి మీరే తేల్చండి.

ఎన్నో రోజు పోతే లెక్క?

ప్రమాదం జరిగాక ఎన్ని రోజుల్లోపు ప్రాణం పోతే దాన్ని రోడ్డు మరణం అనాలి? ఫ్రాన్స్ 2004 దాకా 6 రోజులు అనేది, 2005లో 30 రోజులకు మారింది. జపాన్ పోలీసులు ఏటా ప్రకటించే ప్రధాన సంఖ్య ఇప్పటికీ 24 గంటల్లోపు పోయినవాళ్లదే. 30 రోజుల లెక్క అక్కడ వేరే ఉంటుంది. మన దేశంలో గడువు 30 రోజులు. అంటే ఆసుపత్రిలో పదో రోజు కన్నుమూసిన మనిషి ఒక పట్టికలో ఉంటాడు, ఇంకో పట్టికలో ఉండడు.

గడువు సరిపోయినా నమోదు సరిపోవాలి కదా. 2021కి మన అధికారిక సంఖ్య 1,53,972. అదే ఏడాదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా 2 లక్షలు దాటింది. 'వాళ్లకంటే మనం నయం' అనేముందు రెండు పట్టికలూ ఎలా తయారయ్యాయో చూసుకోవాలి.

ఊరంతా రోడ్డు మీద పడుకుంది

1972లో ఫ్రాన్స్‌లో రోడ్డు ప్రమాదాల్లో 16 వేలమందికి పైగా చనిపోయారు. ఆ అంకె ఎవరినీ కదిలించలేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో మజామే అనే చిన్న పట్నం ఉంది. అప్పటి దాని జనాభా కూడా దాదాపు అంతే. 1973 మే నెలలో ఒకరోజు ఆ ఊరి జనం ఇళ్లలోంచి వచ్చి వీధుల్లో శవాల్లా పడుకున్నారు. టీవీ కెమెరాలు పైనుంచి చిత్రీకరించాయి. ఏటా తమ దేశపటం మీదనుంచి ఇంత ఊరు మాయమవుతోందని ఫ్రాన్స్ మొత్తానికీ కళ్లకు కట్టింది. అదే ఏడాది జూలైకల్లా ఊళ్ల బయటి రోడ్ల మీద వేగ పరిమితులు వచ్చాయి, ముందు సీట్లవాళ్లకు బెల్టు తప్పనిసరి అయింది.

చట్టం జనం నెత్తిన రుద్దకముందే, అది ఎందుకో జనానికి అర్థమైంది. రోడ్డు భద్రత వ్యూహ పత్రాల్లో చాలాసార్లు కనిపించని అధ్యాయం ఇదే.

ప్రధాని ఇంటి లెక్క

1970లో జపాన్ రోడ్ల మీద 16,765 మంది చనిపోయారు. పత్రికలు 'ట్రాఫిక్ యుద్ధం' అని రాసేవి. ఆ ఏడాదే ప్రభుత్వం రోడ్డు భద్రతకు ఒక మూల చట్టం చేసింది. దాని కింద ఏర్పడ్డ మండలికి అధ్యక్షుడు రవాణా మంత్రి కాదు, సాక్షాత్తూ ప్రధానమంత్రి. 1971 నుంచి అయిదేళ్లకో ప్రణాళిక. జాతీయ ప్రణాళికను బట్టి రాష్ట్రాల్లాంటి ప్రిఫెక్చర్లూ, పట్టణాలూ తమ తమ ప్రణాళికలు వేసుకోవాలి. కాలిబాటలు, గార్డు రెయిలింగులు, సిగ్నళ్లు వరసగా వచ్చాయి. 1979కి మరణాలు 8,466కు దిగాయి. అప్పటికి రోడ్ల మీద కార్లు తగ్గలేదు సరికదా, విపరీతంగా పెరిగాయి. 2023లో ఆ సంఖ్య 2,678.

రోడ్డు వేసేది ఒక శాఖ, లైసెన్సు ఇచ్చేది ఇంకో శాఖ, చలానా రాసేది మరో శాఖ, క్షతగాత్రుణ్ని చేర్చుకునేది నాలుగో శాఖ. ఈ నలుగురినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి 'ఏమైంది?' అని అడగగలిగే పెద్దమనిషి కావాలి. జపాన్ దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఆ కుర్చీ.

చట్టం ఒకటే, ఫలితాలు రెండు

రక్తంలో ఇంత మద్యం దాటితే నేరమని అంకె వేసి చట్టం చేసిన తొలి దేశం నార్వే. సంవత్సరం 1936. దాన్ని చూసి బ్రిటన్ 1967లో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, బ్రీత్ ఎనలైజర్ తెచ్చింది. తెచ్చిన రవాణా మంత్రి బార్బరా కాజిల్‌కు కారు నడపడమే రాదని విమర్శకులు దుమ్మెత్తి పోశారు. చట్టం వచ్చిన కొత్తలో మరణాలు బాగా తగ్గాయి. తర్వాత మందుబాబులకు ఒక సంగతి అర్థమైంది: పోలీసులు పట్టుకునేది చాలా తక్కువ. సహేతుకమైన కారణం లేకుండా పరీక్ష చేసే అధికారం వాళ్లకు లేదు. భయం పోయింది, దాంతోపాటే ఫలితమూ చాలావరకు కరిగిపోయింది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1982 డిసెంబరులో వేరే దారి పట్టింది. అనుమానం అక్కర్లేదు, ఏ రోడ్డు మీదైనా, ఏ వేళనైనా, ఎవరినైనా ఆపి ఊదమనొచ్చు. మరణాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. ఆ తగ్గుదల నిలబడింది కూడా. మన హద్దు 30 మిల్లీగ్రాములు, అంటే బ్రిటన్ హద్దుకంటే ఎంతో కఠినం. అయితే ఫలానా ఫ్లైఓవర్ కింద చెకింగ్ ఉందని వాట్సాప్‌లో ముందే తెలిసిపోయే చోట ఆ కాఠిన్యం కాగితానికే పరిమితం. శిక్ష ఎంత పెద్దదన్నది తర్వాతి మాట. దొరికిపోతానన్న నమ్మకం కలగాలి.

బెల్టు ఒకరిది, చట్టం మరొకరిది

ఇవాళ ప్రతి కారులోనూ ఉన్న మూడు బిందువుల సీటు బెల్టును 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. వోల్వో ఆ పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది. అయినా బెల్టు పెట్టుకోవాల్సిందేనని ప్రపంచంలో అందరికంటే ముందు చట్టం చేసింది స్వీడన్ కాదు. 1970 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఆ పని చేసింది. స్వీడన్‌లో ముందు సీట్లకు ఆ చట్టం వచ్చింది 1975లో. కనిపెట్టినవాళ్లు సైతం వేరేవాళ్ల దగ్గర పాఠం చెప్పించుకున్నారన్నమాట.

కంచె కట్టిన రోడ్డు

'రోడ్డు మీద ఒక్క ప్రాణం కూడా పోకూడదు' అన్న లక్ష్యాన్ని స్వీడన్ పార్లమెంటు 1997లో ఆమోదించింది. పేరు 'విజన్ జీరో'. దాని మూల సూత్రం సులువైనది: మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు మరణశిక్ష పడకుండా రోడ్డు కట్టాలి. 1998లో యెవ్లె పట్టణం దగ్గర ఈ4 రహదారి మీద ఒక ప్రయోగం చేశారు. వెడల్పాటి రెండు వరసల రోడ్డును మూడు వరసలుగా గీసి, మధ్యలో ఉక్కు తీగల కంచె కట్టారు. మధ్య వరస కొంతదూరం ఇటువాళ్లకు, కొంతదూరం అటువాళ్లకు ఓవర్‌టేక్ చేయడానికి. ఎదురెదురు ఢీకొనే అవకాశమే పోయింది. ఇలా మార్చిన రోడ్ల మీద మరణాలు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గాయి. నాలుగు వరసల రహదారి కట్టడంకంటే ఖర్చు చాలా తక్కువ. ఐర్లండ్, న్యూజిలాండ్ కూడా ఈ పద్ధతిని తెచ్చుకున్నాయి.

మన దగ్గర ఇదే కంచె కడితే? రోడ్డు పక్క పల్లె నుంచి అవతలి పొలానికి దాటాల్సిన రైతు, రెండు కిలోమీటర్ల చుట్టు ఎందుకని రాంగ్ రూటులో వచ్చే బైకు, ఇవి రెండూ స్వీడన్ లెక్కలో లేవు. కంచెతో పాటు అండర్‌పాసు, సర్వీసు రోడ్డు కూడా కట్టుకుంటేనే ఆ ఫలితం ఇక్కడ వస్తుంది.

మేయరు చూసొచ్చిన సర్కిళ్లు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కార్మెల్ అనే నగరం ఉంది. దానికి చాలాకాలం మేయరుగా ఉన్న జిమ్ బ్రెయినార్డ్ విద్యార్థిగా ఇంగ్లండులో ఉన్నప్పుడు రౌండ్‌బౌట్లు చూశాడు. పదవిలోకి వచ్చాక సిగ్నళ్లు తీయించి అవే కట్టించడం మొదలుపెట్టాడు. ఇప్పుడా నగరంలో 150కి పైగా రౌండ్‌బౌట్లున్నాయి.

గుండ్రంగా కట్టినంత మాత్రాన రౌండ్‌బౌట్ అయిపోదు. బ్రిటన్‌లోనూ మొదట్లో వలయాలు జామ్ అయ్యేవి. 1966లో 'లోపల తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలి, కొత్తగా వచ్చేవాడు ఆగాలి' అన్న నియమం పెట్టాకే అవి పనిచేశాయి. లోపలికి వచ్చే దారిని వంకర తిప్పి, బండి తనంతట తనే నెమ్మదించేలా కడతారు. మన ఊళ్లలో విగ్రహం చుట్టూ ఉండే సర్కిల్‌కు ఆ వంకరా ఉండదు, ఆ నియమాన్ని పాటించేవాళ్లూ కనబడరు. ఆకారం వచ్చింది, పనితీరు రాలేదు.

మన క్లాస్‌మేట్లు ఎవరు?

2022లో మన రోడ్డు మరణాల్లో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లవి, 19.5 శాతం పాదచారులవి. కారు లోపలివాళ్లను కాపాడటంలో ఆరితేరిన దేశాలు ఈ లెక్కకు పూర్తి గురువులు కాలేవు. మన ట్రాఫిక్‌కు దగ్గరి పోలిక ఆగ్నేయాసియాలో ఉంది.

మలేసియా 1970లలోనే కౌలాలంపూర్ దగ్గరి ఫెడరల్ హైవే మీద మోటార్‌సైకిళ్లకు విడిగా దారి కట్టింది. బైకులకు పగలు కూడా హెడ్‌లైట్ వెలగాలని 1992లో నియమం తెచ్చింది. మన దగ్గర కొత్త టూవీలర్లకు దానంతటదే వెలిగే హెడ్‌లైట్ 2017 ఏప్రిల్ నుంచి వచ్చింది.

వియత్నాంలో హెల్మెట్ ఉత్తర్వులు అంతకుముందూ చాలా వచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు. 2007 డిసెంబరు 15న మాత్రం దేశమంతా అన్ని రోడ్ల మీదా ఒకేసారి అమలు చేశారు. అంతకుముందే ప్రచారం చేశారు, జరిమానా పెంచారు, పోలీసులను దించారు. హెల్మెట్ వాడకం దాదాపు రాత్రికి రాత్రే 90 శాతం దాటింది. ఆ విజయంలోనూ రెండు చిల్లులున్నాయి. పిల్లల విషయంలో చట్టం సడలుగా ఉండిపోయింది, దాన్ని 2010లో సరిదిద్దారు. నాసిరకం టోపీలు బజారును ముంచెత్తాయి. మన దేశంలో 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్కన వేలాడేవి ఏమిటో అందరం చూస్తూనే ఉన్నాం. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50 వేలకు పైనే.

మూగ నటులూ, మూతపడ్డ బార్లూ

కొలంబియా రాజధాని బొగోటాకు 1995లో మేయరైన అంతానాస్ మోకస్ కూడళ్లలో ముఖానికి తెల్లరంగు పూసుకున్న మూకాభినయ కళాకారులను నిలబెట్టాడు. జీబ్రా గీత దాటిన డ్రైవర్లను వాళ్లు అనుకరిస్తూ వెక్కిరించేవారు. పాదచారులు చనిపోయిన చోట రోడ్డు మీద నక్షత్రాలు గీయించాడు. తర్వాతి పదేళ్లలో ఆ నగరంలో రోడ్డు మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి.

ప్రపంచమంతా మూగ నటులనే గుర్తుపెట్టుకుంది. అదే మేయరు బార్లను రాత్రి ఒంటిగంటకే మూయించాడన్న సంగతీ, తర్వాతి పాలకులు కాలిబాటలు, సైకిల్ దారులు, బస్సులకు విడి దారులు కట్టారన్న సంగతీ పెద్దగా ఎవరూ చెప్పరు. చూడముచ్చటైన సగం మాత్రం దించుకుంటే వచ్చేది వీధి నాటకమే.

నేరం ఎవరిదని అడగని విచారణ

ఫిన్లండ్‌లో ప్రాణం పోయిన రోడ్డు ప్రమాదాలను ఒక ప్రత్యేక బృందం పరిశీలిస్తుంది. అందులో పోలీసు, వైద్యుడు, రోడ్డు ఇంజనీరు, వాహన నిపుణుడు, మనస్తత్వవేత్త ఉంటారు. తప్పెవరిదో తేల్చడం వాళ్ల పని కాదు, అది కోర్టు చూసుకుంటుంది. ఇలా ఎందుకు జరిగింది, ఏది మారిస్తే మళ్లీ జరగదు, ఇవే వాళ్ల ప్రశ్నలు. 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తే, ఆ మలుపులో దీపం లేదన్న సంగతి ఆ ఫైల్లోనే ఉండిపోతుంది.

రాజధాని హెల్సింకిలో 2024 జూలై నుంచి ఏడాదిపాటు రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. నగరంలో సగానికి పైగా వీధుల్లో వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లు.

గురువు ఫెయిలైన పరీక్ష

విజన్ జీరో ప్రకటించిన స్వీడన్ 2007 నాటికి మరణాలను 270కి తగ్గిస్తానంది. ఆ ఏడాది చనిపోయింది 471 మంది. అప్పుడు వాళ్లు నినాదం మార్చలేదు, కొలిచే పద్ధతి మార్చారు. ఏడాది చివర శవాలను లెక్కపెట్టుకునేదాకా ఆగకుండా, పరిమితి లోపల నడుస్తున్న బళ్లు వందకి ఎన్ని, బెల్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది, తాగకుండా నడిపేవాళ్లు ఎంతమంది అని ఏటా కొలిచి, సంబంధిత శాఖలన్నిటి ముందూ పెట్టడం మొదలుపెట్టారు. ఎక్కడ వెనకబడితే అక్కడివాళ్లు జవాబు చెప్పాలి. 2020కి లక్ష్యం 220. 2019లోనే సంఖ్య 221కి వచ్చింది, 2020లో 204 అయింది.

అన్ని దేశాల పాఠాల్లోనూ చవగ్గా దొరికేది ఇదే. మన జిల్లాలో బైకు వెనక కూర్చున్నవాళ్లలో హెల్మెట్ ఉన్నది వందకి ఎంతమందికి? కార్లలో వెనక సీటు బెల్టు పెట్టుకుంటున్నది ఎందరు? పోయినేడాదికంటే పెరిగారా, తగ్గారా? ఈ అంకెల కోసం అధికారులు స్టాక్‌హోం విమానం ఎక్కక్కర్లేదు. ఊళ్లో నాలుగు కూడళ్లలో మనిషిని నిలబెట్టి రాయించుకుంటే సరిపోతుంది.